రెండు నిమిషాల ఎరుపు

గుంటూరులో చిలకలూరిపేట బస్సెక్కి, కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ నెల నడుస్తోందో చెప్పేయొచ్చు. ఫిబ్రవరి, మార్చి అయితే ఆ పని మన ముక్కే చేసేస్తుంది. ఊరు దాటేలోపు బస్సులో ఎవరో ఒకరు తుమ్ముతారు. కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరిన లారీల పక్క నుంచి పోతుంటే ఇంకొకరు. తుమ్మినవాళ్లు కొత్తవాళ్లని లెక్క. మా వైపు వాళ్లం తుమ్మం, ఓసారి గొంతు సవరించుకుంటాం, అంతే.

2025 ఫిబ్రవరి చివర్లో నేనా బస్సెక్కాను. హైదరాబాద్‌లో ఉద్యోగానికొచ్చి అప్పటికి ఐదేళ్లు. ఆ రోజు నేనూ తుమ్మాను.

జేబులో ఫోను. ఫోన్లో 2 నిమిషాల 4 సెకన్ల వీడియో. దాన్ని చూపిస్తానని ఆరేళ్ల కిందట పర్చూరు దగ్గర ఒక రైతుకి మాటిచ్చాను. "ఈ వారంలో పంపిస్తాం బాబాయ్" అన్నాను. ఆ వారం ఆరేళ్లయింది.

మొదటి రెండు నిమిషాలు చాలు

2019లో మేం బీటెక్ మూడో సంవత్సరం. అంతకుముందు సెప్టెంబర్లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. ఆ ఊరి వాళ్లే నటులు, ఆ ఊరి వీధులే సెట్టు. అది చూసొచ్చిన రాత్రి మా హాస్టల్లో సగం మంది డైరెక్టర్లైపోయారు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ జ్వరం మామూలే. మాకు తగ్గలేదు.

సరిగ్గా అప్పుడే ఒక ఫెస్ట్‌లో పోటీ పెట్టారు. షార్ట్ ఫిల్మ్ కాదు. ఒక సినిమా మొదటి రెండు నిమిషాలు మాత్రమే తీయాలి. టైటిల్స్ పడాలి, ఊరు తెలియాలి, మనిషి తెలియాలి, తర్వాతేమవుతుందోనని చూసేవాడు కుర్చీలో ముందుకి జరగాలి. మిగతా సినిమా తీయక్కర్లేదు.

మేం ఐదుగురం. పెళ్లిళ్లకి ఫొటోలు తీసే ఓ అన్నయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న డీఎస్ఎల్ఆర్ ఒకటి, ఒక ట్రైపాడ్, సౌండ్ కోసం మా ఫోన్లు. కథ ఒక్క లైను. ఏళ్ల తర్వాత ఊరికొచ్చిన కుర్రాడు మిరప కల్లాల మధ్య నుంచి నడుస్తుంటాడు, ఎవరూ గుర్తుపట్టరు. నేను ఎడిటర్ని. ల్యాప్‌టాప్ నాది కాబట్టి.

లొకేషన్ వెతకాల్సిన పని లేదనుకున్నాం. చిలకలూరిపేట దాటి పర్చూరు వైపు తిరిగితే అంతా నల్లరేగడి. వానాకాలంలో చెప్పు దిగబడితే వదిలేసి పోవాల్సిందే. ఎండాకాలంలో అదే నేల కాలు పట్టేంత వెడల్పున పగుళ్లిస్తుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఫిబ్రవరికి పత్తి పని దాదాపు అయిపోతుంది. ఎండిన కట్టెకి అక్కడక్కడా ఒక తెల్ల పోగు వేలాడుతుంటుంది. మిరప మాత్రం అప్పుడే మంచి ఊపు మీదుంటుంది. కోసిన పండుకాయని కల్లంలో పరుస్తారు. దూరం నుంచి చూస్తే నల్లటి నేల మీద ఎర్ర దుప్పట్లు ఆరేసినట్టుంటుంది.

ఆ దుప్పట్లే మా ఫస్ట్ షాట్.

ఎరుపు పగిలిపోయింది

మొదటి రోజు ఎర్రటి ఎండలో, పన్నెండింటికి కెమెరా పెట్టాం. చిన్న స్క్రీన్ మీద అదిరిపోయింది. సాయంత్రం ల్యాప్‌టాప్‌లో వేస్తే గుండె జారిపోయింది. మిరపకాయలే లేవు. ఒక ఎర్ర ముద్ద ఉంది. కాయకీ కాయకీ మధ్య గీత లేదు, ముడత లేదు, తొడిమ లేదు.

అప్పుడు తెలుసుకున్నాం. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కొలుస్తుంది. మొత్తం వెలుగు సరిగ్గానే ఉందని మీటర్ చెబుతుంది, కానీ ఫ్రేమంతా ముదురు ఎరుపే ఉంటే ఆ ఒక్క రంగు కొలత హద్దు దాటిపోతుంది. దాటిపోయిందంటే వివరం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. మందు రెండే: ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించడం, ఎండ పక్కవాటుగా పడే వేళ తీయడం. కాయ మీద నీడ పడితేనే కాయ కాయలా కనిపిస్తుంది.

సరే, సాయంత్రం ఐదున్నరకి వెళ్దామనుకున్నాం. వెళ్లేసరికి ఎర్ర దుప్పటి లేదు. కుప్ప చేసి, మీద పట్టా కప్పేశారు.

"మంచు పడుద్ది కదా అబ్బాయ్. కాయ తడిస్తే తెల్లబడుద్ది. తాలు కింద పోద్ది" అన్నాడు కల్లం యజమాని. మేం బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది అప్పుడే. పొద్దున మంచు ఆరాక పట్టా తీసి పరుస్తారు. పగలంతా కలియబెడతారు. రంగు పోయిన తాలుకాయ ఏరేస్తారు. సాయంత్రం మళ్లీ కుప్ప. గలగలమనేదాకా రోజూ ఇదే. కెమెరాకి ఏ వేళ మంచిదో కాయకి అది కుప్పలోకి పోయే వేళ.

"మా కోసం ఒక్క అరగంట పరిచి ఉంచుతారా?" అని అడిగాడు మా డైరెక్టరు. బాబాయ్ నవ్వాడు. మేం పొద్దున ఏడింటికి రావడం మొదలుపెట్టాం. పట్టా తీసి పరిచే ఆ అరగంటే మా షూటింగ్. కుప్ప విప్పడం, పారతో లాగడం, కాళ్లతో సరిచేయడం. మేం అనుకున్న దానికన్నా అదే మంచి షాట్ అయింది. ఎర్ర దుప్పటి తీద్దామని వెళ్లాం, దుప్పటి పరిచే మనుషులు దొరికారు.

కల్లం ఖాళీ

సగం తీశాక ఇంటర్నల్ పరీక్షలొచ్చాయి. పది రోజుల తర్వాత వెళ్తే కల్లం ఊడ్చేసినట్టుంది. కాయ ఎండింది, గోతాలకెక్కింది, గుంటూరు యార్డుకి పోయింది. మిరపకి ఆసియాలోనే పెద్ద మార్కెట్టని పేరున్న చోటు అది. యార్డులో గోతాన్ని టిక్కీ అంటారు. మా ఫస్ట్ షాట్ టిక్కీల్లో కూర్చుని లారీలో వెళ్లిపోయింది.

మా డైరెక్టర్ ఆ నేల మీదే కూలబడ్డాడు. వాడికి ధైర్యం చెప్పడానికి నాకు దొరికింది సత్యజిత్ రే. 'పథేర్ పాంచాలి' కోసం రే మొట్టమొదట 1952 అక్టోబర్లో రెల్లుపూల పొలంలో షూటింగ్ చేశాడు. సగం తీసి వారం తర్వాత వెళ్లేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా, అంటే తర్వాతి ఏడాది దాకా ఆగాడు. ఆ సినిమా 1955లో విడుదలైంది. కెమెరామన్ సుబ్రతో మిత్రాకి కూడా అంతకుముందు సినిమా కెమెరా పట్టిన అనుభవం లేదు.

"ఆయన ఏడాది ఆగాడు. మనకి పదమూడో తేదీ లాస్ట్ డేట్" అన్నాడు వాడు.

బాబాయే దారి చెప్పాడు. మిరప ఒక్కసారి కోసేది కాదు. పండేకొద్దీ విడతలుగా కోస్తారు. "ఎల్లుండి రెండో కోత. నాలుగో రోజుకి కల్లం మళ్లీ ఎర్రగా ఉంటది, రండి." మేం చేయాల్సిన మొదటి పని కెమెరా పట్టుకోవడం కాదు, ఆయన్ని ముందే ఆ ప్రశ్న అడగడం. మా షాట్ లిస్టులో యాంగిల్స్ ఉన్నాయి, లెన్సులున్నాయి. కోత తేదీలు లేవు.

ఇప్పుడు ఆఫీసులో కొత్త ప్రాజెక్టు మొదలైతే నేను అడిగే మొదటి ప్రశ్న అదే: వాడేవాళ్ల పని ఏ వేళ మొదలై ఏ వేళ ముగుస్తుంది? ఇది నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు. ఆ ఖాళీ కల్లం నేర్పింది.

గాలి, గలగల, దగ్గు

బొమ్మ బాగా వచ్చింది. సౌండ్ విన్నాం. ఫోన్ల నిండా గాలి హోరు. దాని వెనక ఎక్కడో మోపెడ్. మా హీరో అడుగుల చప్పుడు లేనే లేదు.

కె. విశ్వనాథ్ గారిది మా గుంటూరు సీమే. రేపల్లె దగ్గర పెదపులివర్రు. ఆయన సినిమాల్లోకి వెళ్లింది డైరెక్టర్‌గా కాదు, మద్రాసు వాహినీలో సౌండ్ విభాగంలో పనికి. ఆ సంగతి తెలిశాక మా వాళ్లకి సౌండ్ మీద గౌరవం పెరిగింది. మిర్చికీ గౌరవం పెరిగింది. ఎందుకంటే ఎండుమిరపకి తనదంటూ ఒక చప్పుడుంది. కాయ లోపల గింజలు కదిలే సన్నటి గలగల. గుప్పెడు తీసి ఊపి, ఆ చప్పుడుని బట్టే ఆరిందో లేదో చెబుతారు రైతులు. ఫోనుకి చేతిరుమాలు చుట్టి, గాలికి అడ్డంగా పట్టా పట్టుకుని, కాయకి జానెడు దూరంలో పెట్టి రికార్డు చేశాం. అదే మా టైటిల్ మ్యూజిక్.

దాంతోపాటు ఇంకొకటి కూడా రికార్డయింది. దగ్గు. తాలు ఏరే ఆడవాళ్లు ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకుంటారు. అయినా దగ్గుతారు. నేను ఆ దగ్గులన్నీ ఒక్కొక్కటిగా కోసేశాను. శుభ్రమైన ట్రాక్ వచ్చింది. ల్యాబ్‌లో వినిపిస్తే మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అంది, "మిరపకాయల మధ్య ఎవరూ దగ్గరా? ఇది మిరపకాయల ఫొటోలా ఉంది." ఆ రాత్రి కూర్చుని ఒక్క దగ్గు తిరిగి పెట్టాను. ఊరు వచ్చి కూర్చున్నట్టయింది.

కాటా

అన్నిటికన్నా కష్టమైన షాట్, హీరో మిరపతోట పక్క నుంచి నడుస్తుంటే కోతవాళ్లు సాళ్లలోంచి తలెత్తి చూడటం. ఆ కోతవాళ్లు ఈ ఊరివాళ్లు కాదు. కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి సీజనుకి వస్తారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆ వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వచ్చేస్తాయి. పొలం గట్టునే పట్టాలతో గుడారాలు. అక్కడే పొయ్యి, అక్కడే పక్క.

ఒకటో టేకులో హీరో తడబడ్డాడు. రెండోదానికి ఫోకస్ పోయింది. మూడోసారి ఎవరో నవ్వారు. నాలుగోసారికి అందరం "అక్కా, ఇంకొక్కసారి" అని దండాలు పెడుతున్నాం. ఐదోసారి ఒక పెద్దావిడ గోతం కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"మీరు ఎన్నితూర్లంటే అన్నితూర్లు నడుస్తాం నాయనా. పొద్దుగూకినాక కాటా కాడ మీరొచ్చి మాట్లాడతారా?"

కోత కూలి కిలోల లెక్క. సాయంత్రం కాటా మీద గోతం ఎంత తూగితే అంత. మా ఐదు టేకులకి వాళ్లు ఇరవై మంది, ముప్పావు గంట. ఇది మా బడ్జెట్ షీటులో లేదు. అందులో పెట్రోలు, టీ, బిర్యానీ ఉన్నాయి.

సిగ్గేసింది. కెమెరా పక్కన పెట్టి ఐదుగురం సాళ్లలోకి దిగాం, పోగొట్టింది కోసిద్దామని. గంట తర్వాత అందరిదీ కలిపినా గోతం అడుగు నిండలేదు. మా కెమెరామన్ చేత్తో కన్ను నలుపుకున్నాడు. వాడి అరుపుకి పక్క చేలో కొంగలు లేచిపోయాయి. ఆ పెద్దావిడే పరిగెత్తుకొచ్చి మజ్జిగ తెచ్చి చేతులకి రాసింది. "సినిమావోళ్ల చేతులు" అని నవ్వింది. మా దగ్గర మిగిలిన డబ్బులు బాబాయ్ చేత మేస్త్రికి ఇప్పించాం. సరిపోయాయో లేదో అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత రీటేక్ అనే మాట నా నోట అంత తేలిగ్గా రాలేదు. ముందు మాలో మేమే కల్లం వెనక పదిసార్లు నడిచి చూసుకునేవాళ్లం, వాళ్లని ఒక్కసారే అడిగేవాళ్లం. రిహార్సల్ అంటే ఇదన్నమాట. నటుడి కోసం కాదు, ఎదుటివాడి టైము కోసం.

ఆరు సెకన్లు

మొత్తం 47 నిమిషాల ఫుటేజీ. ఉంచాల్సింది రెండు నిమిషాలు. ఎడిటింగ్ అంటే అతికించడమనుకునేవాణ్ని, పారేయడమని అప్పుడు తెలిసింది. ఒక షాట్ ఎంత అందంగా ఉన్నా, దాని ముందున్నదీ వెనకున్నదీ అది లేకుండా బాగుంటే తీసేయాలి. ఇష్టమైనవన్నీ తీసేశాను. బాగా నేర్చుకున్నాననుకున్నాను.

పారేసినవాటిలో ఒకటి ఆరు సెకన్ల ముక్క. ఐదో టేకులో, సాళ్ల చివర తొమ్మిది పదేళ్ల పాప. మేస్త్రి చిన్నకూతురు. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో ఒళ్లో రాలిన కాయలు. అందరూ హీరో వంక చూస్తుంటే అది నేరుగా కెమెరా దగ్గరకొచ్చి లెన్సులోకి చూసింది. తన బొమ్మ కనిపించిందేమో, తల అటూ ఇటూ తిప్పింది. "కెమెరా వంక చూడొద్దమ్మా!" అని అరిచాం. చూస్తూనే ఉంది.

ఫైలు పేరు పక్కన ఎన్‌జీ అని రాశాను. నాట్ గుడ్. అది బడి వేళ, బుధవారం, పొద్దున పది గంటలు. ఆ సంగతి ఎడిటింగ్ టేబుల్ మీద నాకు తట్టలేదు. వలసెళ్లే వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ఆ వైపు సీజనల్ హాస్టళ్లు పెడతారని తర్వాతెప్పుడో చదివినప్పుడు ఆ పాప గుర్తొచ్చింది.

పోటీలో మాకు ప్రైజు రాలేదు. పార్టిసిపేషన్ సర్టిఫికెట్ వచ్చింది. బాబాయ్‌కి పంపుతానన్న వీడియో పంపలేదు. తర్వాత ప్లేస్‌మెంట్లు, కరోనా, ఉద్యోగం. చెప్పుకోడానికి ఎన్ని ఉన్నా, లింకు పంపడానికి పది సెకన్లు పడుతుంది.

మాట

యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు, స్పిన్నింగ్ మిల్లులు దాటి, పేటలో బస్సు మారి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. బాబాయ్ నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరబ్బాయ్?" అన్నాడు. మా సినిమా కథే నాకు జరిగిందని నవ్వొచ్చింది. కన్ను నలుపుకున్న కెమెరామన్ సంగతి చెబితే అప్పుడు గుర్తుపట్టాడు.

కల్లం పక్కన వేపచెట్టు కింద ఫోన్లో చూపించాను. మొదట నల్ల తెర, మిరప గలగల, ఒక దగ్గు, తర్వాత అక్షరాలు: 'ప్రకాశం జిల్లా'. "ఇప్పుడు బాపట్ల కదా" అన్నాడు బాబాయ్. నిజమే. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి. పర్చూరు బాపట్లలోకి వచ్చింది, చిలకలూరిపేట పల్నాడులోకి పోయింది. మా టైటిల్ కార్డు పాతబడింది.

హీరో నడక మీద ఆయన కన్ను లేదు. మధ్యలో ఆపి, వేళ్లతో జూమ్ చేసి కాయ చూశాడు. "ఆ ఏడు కాయ ఎంత బాగుందో చూడు." తర్వాత ఆయన చెబుతూ పోయాడు, నేను విన్నాను. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా తినేసింది. మందుల మీద మందులు కొట్టినా ఆగలేదు, తోటలు దున్నేశారు. ఆ తర్వాత క్వింటా ఇరవై వేలు దాటింది, అమ్ముకోవడానికి ఆయన దగ్గర కాయ లేదు. ఈ ఏడాది కాయ ఉంది, ధర పడిపోయింది. ఆ నెలలోనే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించింది. "కోత కూలి, మందులు, కౌలు తీస్తే ఏం మిగులుద్ది? ధరున్న ఏడు కాయ లేదు, కాయున్న ఏడు ధర లేదు" అన్నాడు. ఆయన వెనక కల్లం ఎప్పటిలాగే ఎర్రగా ఉంది. మా సినిమాలో ఆ ఎరుపు అందంగా ఉంటుంది. ఆయనకది అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్న ప్రశ్న.

మేస్త్రి గురించి అడిగాను. ఏటా సీజనుకి ముందు ఫోన్ చేస్తాడు కాబట్టి నంబరుంది. వీడియో ఆయనకి వాట్సాప్‌లో పంపించాడు. ఆ ఏడాది ఆ కుటుంబం కోతకి రాలేదట. ఎందుకో బాబాయ్‌కీ తెలీదు.

టీ తాగుతుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. మొదట నవ్వులు, ఎవరో ఎవరినో గుర్తుపడుతున్నారు. తర్వాత మేస్త్రి గొంతు.

"సార్, మా చిన్నది యాడుంది సార్ దీంట్లో? దాన్నిగూడా తీసినారు గదా ఆ పొద్దు. రొండుతూర్లు చూస్తిమి, యాడా కనపడల్యా."

బాబాయ్ నా వంక చూశాడు. ఏం చెప్పాలో తెలియలేదు. "ఉంది, పంపిస్తానని చెప్పండి" అన్నాను. రెండో మాట ఇచ్చాను. ఈసారి వారం అనలేదు, రేపు అన్నాను.

ఆ రాత్రే బయల్దేరి హైదరాబాద్ వచ్చి, అటక మీంచి పాత హార్డ్ డిస్క్ తీశాను. మొదటిసారి పెడితే తెరుచుకోలేదు. కేబుల్ మార్చాను. తెరుచుకుంది. ఎన్‌జీ ఫోల్డర్, ఐదో టేకు. ఆరు సెకన్లు. నీళ్ల సీసా, ఒళ్లో కాయలు, తల అటూ ఇటూ. వెనక మా అరుపు కూడా ఉంది. దాన్ని తీసేద్దామా అనుకుని ఉంచేశాను.

ఉదయం ఆరింటికి పంపాను. రెండు టిక్కులు నీలమయ్యాయి. జవాబేం రాలేదు. పాప ఇప్పుడేం చేస్తోందని టైపు చేసి, అడగాల్సిన ఏడాది దాటిపోయిందనిపించి చెరిపేశాను.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెట్రోలో ఆ చాట్ మళ్లీ తెరిచాను. మెసేజ్ ఏమీ లేదు. మేస్త్రి నంబరు పక్కన అంతకుముందు దేవుడి బొమ్మ ఉండేది. ఇప్పుడు ఆ గుండ్రంలో తొమ్మిదేళ్ల పాప ఉంది. నేరుగా కెమెరా వంక చూస్తోంది.